లక్ష డాలర్ల జీతం ఎవరిది?

కావలి నుంచి ఒక తండ్రి ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ పూర్తి చేసింది. అమెరికాలో ఎమ్మెస్‌కు ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ పత్రం) వచ్చింది. 40 లక్షలు లోను కావాలి. చదువయ్యాక లక్ష డాలర్లు వస్తాయని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. పంపమంటారా?

ఆ అంకె అబద్ధం కాదు గానీ, అది మీ అమ్మాయి కోసం వేసిన అంకె కాదు. అమెరికా కార్మిక గణాంకాల్లో 2024 మే నాటికి బయోకెమిస్టులు, బయోఫిజిసిస్టుల మధ్యస్థ జీతం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ) ఏడాదికి 1,03,650 డాలర్లు. ఆ వరసలో ఎక్కువమంది పీహెచ్‌డీ చేసినవాళ్లు. అదే లెక్కల్లో బయొలాజికల్ టెక్నీషియన్లకు, అంటే ల్యాబులో సాయపడేవాళ్లకు, 52,000. ఎమ్మెస్‌తో మొదట దొరికేది రీసెర్చ్ అసోసియేట్, ల్యాబ్ టెక్నీషియన్ పనే. పెద్ద ఫార్మా ఊళ్లలో కాస్త ఎక్కువిస్తారు, కానీ అక్కడ అద్దె అంతకు మించి లాగేస్తుంది. మీరు 52 వేలనే పట్టుకుని లెక్కేయండి.

40 లక్షలు ఏడాది తేడాతో రెండు విడతలుగా, 11 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు రెండేళ్లు, ఆపైన ఆరు నెలల గడువు. ఈలోగా మొదటి 20 లక్షల మీద 5.5 లక్షలు, రెండో 20 లక్షల మీద 3.3 లక్షలు వడ్డీ ఎక్కుతుంది. కట్టడం మొదలయ్యే నాటికి అప్పు 48.8 లక్షలు. పదేళ్ల వాయిదాలైతే నెలకు 67,000 పైచిలుకు. డాలరు 88 రూపాయలనుకుంటే 760 డాలర్లు. మీరిక్కడ నెలనెలా వడ్డీ మాత్రం కడుతూ ఉంటే (మొదటి ఏడాది 18,300, తర్వాత 36,700) వాయిదా 55,100 దగ్గరే ఆగుతుంది.

52,000 జీతంలో పన్నులు, హెల్త్ ఇన్సూరెన్స్ పోను చేతికి నెలకు సుమారు 3,600 డాలర్లు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పింఛను, వృద్ధుల వైద్యం కోసం జీతంలో కోసేవి) కోత ఉండదు. కంపెనీ పొరపాటున కోస్తే వెనక్కి అడగాలి. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21(2) నిబంధన ప్రకారం మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కలో ఆదాయం నుంచి నేరుగా తీసేసే మొత్తం) కూడా వస్తుంది. చాలామంది రిటర్నులో ఆ గడి ఖాళీగా వదిలేసి వేలు పోగొట్టుకుంటారు. మొత్తానికి రూము పంచుకుంటే 760 కట్టొచ్చు. ఇంటికి పంపడానికి మాత్రం పెద్దగా మిగలదు.

అసలు ప్రమాదం ఉద్యోగం ఆలస్యం కావడం. ఓపీటీ (చదువయ్యాక అక్కడే పనిచేసేందుకు అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సులకిచ్చే) పొడిగింపు 24 నెలలు. బయోకెమిస్ట్రీ స్టెమ్ జాబితాలోనే ఉంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులు, పొడిగింపు కూడా కలిపితే మొత్తం 150 రోజులు మించకూడదు. వారానికి కనీసం 20 గంటలు ప్రొఫెసర్ ల్యాబులో జీతం లేకుండా చేసినా మొదటి 12 నెలల్లో ఆ ఖాళీ రోజుల లెక్క ఆగుతుంది, స్టెమ్ పొడిగింపులో అది చెల్లదు. "బయోకెమిస్ట్రీ ఎందుకు, వెళ్లాక సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకోవచ్చులే" అనే మాట ఒంగోలు, నెల్లూరు బజార్లలో బాగానే తిరుగుతోంది. ఓపీటీ పని చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినదై ఉండాలి. దొంగ అనుభవం రాయించుకుంటే వీసాకే ముప్పు.

లోను చాలక ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటారు. అంటే ఏడాదికి 24 శాతం. ఐదు లక్షలకు నెలనెలా పదివేలు వడ్డీకే. పొలాన్ని బ్యాంకులు సాధారణంగా తాకట్టుకు తీసుకోవు, ఇల్లో ఇంటి స్థలమో ఫిక్స్‌డ్ డిపాజిట్టో అడుగుతాయి.

చదువు మీద నిజంగా మనసుంటే మా సలహా పీహెచ్‌డీ దారి. అమెరికాలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీకి ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, అప్పు అక్కర్లేదు. మూడేళ్ల బీఎస్సీతో కొన్నిచోట్ల తీసుకోరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో తిరుపతి ఎస్వీయూలోనో ఎమ్మెస్సీ చేసి వెళ్తే ఆ చిక్కు తీరుతుంది. దరఖాస్తులకు ఎక్కువగా డిసెంబరు మొదటి పక్షంలోనే గడువు. చాలా ప్రోగ్రాములు జీఆర్‌ఈ అడగడం లేదు. అయితే 2025లో పరిశోధన నిధుల కోతతో కొన్ని యూనివర్సిటీలు సీట్లు తగ్గించాయి. పదీ పన్నెండు చోట్ల వేయాలి.

అమెరికా ఎమ్మెస్సే ఖాయమైతే థీసిస్ (సొంతంగా చేసే పరిశోధన) ఉన్న కోర్సే తీసుకోండి. ఇంటర్వ్యూలో అడిగేది మార్కులు కాదు. నికెల్ కాలమ్ (కావాల్సిన ప్రోటీన్‌ను పట్టి ఉంచే గొట్టం) మీద పట్టిన ప్రోటీన్‌ను ఇమిడజోల్ అనే రసాయనంతో దించాక జెల్ (ప్రోటీన్లు సైజు వారీగా గీతలుగా విడిపోయే పొర) మీద ఒక గీతకు బదులు రెండు కనిపిస్తే ఏం చేస్తావంటారు. కడిగే బఫర్‌లో ఇమిడజోల్ 20 నుంచి 40 మిల్లీమోలార్‌కు పెంచి చూస్తాననీ, ప్రోటీన్ విరిగిపోతోందేమోనని ప్రోటియేజ్ ఇన్‌హిబిటర్ (ఆ విరగడాన్ని ఆపే రసాయనం) కలుపుతాననీ చెప్పాలంటే చేత్తో చేసి ఉండాలి. హెచ్‌పీఎల్‌సీ, ఎల్‌సీ-ఎంఎస్ (మిశ్రమంలోని రసాయనాలను వేరుచేసి కొలిచే యంత్రాలు) పని వచ్చినవాళ్లకు గిరాకీ ఉంటుంది. మన తీరంలో ఎగుమతి రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పట్టేదీ ఎల్‌సీ-ఎంఎస్ మీదే. అలాంటి ల్యాబులో ఆరు నెలలు చేసినా రెజ్యూమేలో పనికొస్తుంది.

జర్మనీనీ చూడండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావరకు ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టరుకు 1,500 యూరోలు. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) వేయాల్సిన 11,904 యూరోలు పిల్లల ఖర్చుకే నెలకు 992 చొప్పున తిరిగొస్తాయి. ముందు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలువేనని ఇచ్చే ధ్రువీకరణ) తీసుకోవాలి. జర్మన్ భాష రాకుంటే ఉద్యోగం కష్టం.

ఐ-20 వచ్చిందని ఈ వారమే డబ్బు కట్టేయకండి. ఆ డిపార్ట్‌మెంటుకు అమ్మాయి చేతే మెయిల్ పెట్టించండి: థీసిస్ తప్పనిసరా, పోయిన రెండేళ్లలో ఎంతమంది ఎమ్మెస్ విద్యార్థులకు ఫీజు మాఫీ వచ్చింది, కిందటి బ్యాచ్ ఇప్పుడెక్కడ పనిచేస్తోంది, సీటును ఏడాది వాయిదా వేస్తారా.