నూనె మొక్కజొన్న వేస్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు కొలువు మానేశావని చెప్పడానికి అరగంట తీసుకుంది, మొక్కజొన్న వేస్తున్నావన్న సంగతి మాత్రం ఒక్క నిమిషంలో ముగించింది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండో సంగతే. మీ అమ్మ వాటా రెండెకరాలు, పక్కన కౌలుకు నాలుగు. వరి కోసీ కోయగానే దున్నకుండా మొక్కజొన్న. అదీ మామూలుది కాదట, గింజలో ఏడు శాతం నూనె ఉండే హైబ్రిడ్ అట. మన ఇళ్లలో వ్యవసాయం చదువుకున్న మొదటి మనిషివి నువ్వు. ఆ మాట నలుగురిలో ఎన్నిసార్లు చెప్పుకున్నానో మీ అత్తయ్యను అడుగు, విసుక్కుంటూ చెబుతుంది. ఫోనులో అయితే నేను అరుస్తాను, నువ్వు "సరే మామయ్యా" అంటావు, ఇద్దరం మరిచిపోతాం. అందుకే కాగితం తీశాను.

వరి మోళ్ల మధ్య తేమ ఆరకముందే గింజ పడాలనీ, కొసన జల్లు, అంటే మగపూత వేసి, కంకి పీచు తొడిగే వేళ నీటి ఎద్దడి రాకూడదనీ నీకు నేను చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. 2018లో మన దేశంలో దిగిన ఆ కత్తెర పురుగు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పొద్దున్నే మొక్కల ఆకు సుడులు విప్పి చూడటం మాత్రం మానకు. ఈ ఏటి గింజను దాచి వచ్చే ఏడు విత్తనంగా వాడాలని ఎవరైనా సలహా ఇస్తే, వాళ్లకు కాఫీ ఇచ్చి పంపించెయ్యి.

నన్ను పట్టుకున్నదల్లా ఆ ఏడు శాతం.

ఒక పని చెయ్యి. నీకు ఈ హైబ్రిడ్ విత్తనం అమ్ముతున్న డీలరు ఇచ్చిన పంట గింజలు నాలుగు, మన మామూలు గింజలు నాలుగు రాత్రంతా నానబెట్టు. పొద్దున బ్లేడుతో నిలువునా, మొలక వచ్చే ముఖం మీదుగా చీల్చు. మొన దగ్గర నుంచి డాలులా పైకి పాకిన మెత్తటి భాగం కనిపిస్తుంది, అదే మొలక. గోటితో గిల్లి కాగితానికి రుద్దితే జిడ్డు మరక పడుతుంది. చుట్టూ ఉన్న పసుపు, తెలుపు పిండి అలా మరక వెయ్యదు. మామూలు గింజ బరువులో మొలక పదో వంతుకు కాస్త ఎక్కువ, కానీ నూనెలో ఎనభై శాతానికి పైగా దాని కడుపులోనే. కాబట్టి నూనె ఎక్కువున్న గింజ అంటే మొలక పెద్దదై ఉండాలి. నీ నాలుగు గింజల్లో డాలు పెద్దగా కనిపించకపోతే, ఆ డీలరుతో మాట్లాడటం అక్కడే ఆపు.

దీని చరిత్ర నాకు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో మొక్కజొన్న శిక్షణకు వెళ్లినప్పుడు ఒక శాస్త్రవేత్త చెప్పారు. 1896లో అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో హాప్‌కిన్స్ అనే ఆయన 163 కంకులు తీసుకుని, వాటిలో నూనె ఎక్కువున్న కంకుల గింజలే ఏటేటా నాటించుకుంటూ పోయాడట. మొదట్లో 4.7 శాతం. ఆయన పోయినా తర్వాతివాళ్లు వదల్లేదు, నూరు తరాలు దాటేసరికి 20 శాతం పైకి పోయింది. నేను నోరు తెరుచుకుని విన్నాను. "ఎకరాకు ఎంత పండుతుందండీ?" అని వెనక వరుసలోంచి ఒక పెద్దాయన అడిగాడు. శాస్త్రవేత్త నవ్వేశారు. పిండి తయారు చేసుకోవడం కంటే నూనె తయారు చేసుకోవడానికి మొక్కకు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు దిగుబడిలో తేలుతుంది.

1990లలో అమెరికాలోనే ఒక ఉపాయం పన్నారు. మంచి దిగుబడినిచ్చే హైబ్రిడ్‌ను పుప్పొడి రాకుండా మగ వంధ్యం చేసి, దాని విత్తనం తొంభై పాళ్లు, నూనె బాగా ఉన్న మగ రకం విత్తనం ఎనిమిది నుంచి పది పాళ్లు ఒకే సంచిలో కలిపి అమ్మారు. టాప్‌క్రాస్ అన్నారు దాన్ని. మొలకలో సగం తండ్రిది కదా, తండ్రి నూనె గుణం ఆ ఏటి గింజలోనే ఏడు శాతం దాకా కనిపించేది. రైతులు ముందే ఒప్పందం రాసుకునేవారు. ధాన్యం కొనే చోట యంత్రంలో గుప్పెడు గింజలు పోస్తే నిమిషంలో నూనె శాతం చెప్పేది, దాన్ని బట్టి అదనపు ధర. కొన్నేళ్లు సాగు బాగా పెరిగింది, తర్వాత తగ్గిపోయింది. వేరే గాదె, వేరే లారీ, వేరే లెక్క. అదనపు ధర ఆ శ్రమకు సరిపోకపోతే రైతు మామూలు గింజకు మళ్లుతాడు. యంత్రం, ఒప్పందం, అన్నీ ఉన్నచోటే అలా అయింది.

ఇక మన లెక్కకు వద్దాం, పెన్ను తీసుకో. క్వింటాలులో మామూలుగా నాలుగు కిలోల నూనె, నీదాంట్లో ఏడు. తేడా మూడు కిలోలు. నూనె కిలో వంద అనుకుందాం, మూడు వందలు. ఆ మూడు కిలోల చోట మామూలుగా ఉండాల్సింది పిండి. దాని ధర 2025-26 మద్దతు ధర 2,400 చొప్పున డెబ్బై రెండు రూపాయలు. అది తీసేస్తే కోళ్ల దాణా మిల్లువాడికి క్వింటాలుకు మిగిలేది 228. అదంతా నీకు ఇవ్వడానికి వాడేమీ నీ మేనమామ కాడు. ఇప్పుడు ఎకరాకు మామూలుది ముప్పై క్వింటాళ్లు పండే చోట ఇది పది శాతం తగ్గి ఇరవై ఏడు పండిందనుకో. మామూలు రైతు చేతికి 72,000 వస్తాయి. నువ్వు అతనితో సమానం కావాలన్నా క్వింటాలుకు 2,667 రావాలి. అంటే 267 అదనం. మిల్లువాడి లాభమంతా ఊడ్చి నీకు పెట్టినా ముప్పై తొమ్మిది రూపాయలు తక్కువ! అంకెలు నావి, ఊరికే వేసినవి. నీ దగ్గర నిజమైనవి ఉంటే అవి వేసుకుని మళ్లీ చెయ్యి. దిగుబడి అసలు తగ్గకపోతే లెక్క మారుతుంది, నేనూ మారతాను. తగ్గదని ఆ డీలరు అంటే, ఎవరి పొలంలో, ఏ పంటకాలంలో అని అడుగు.

మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. అమ్ముడుపోకపోతే గానుగ పెట్టి నువ్వే నూనె తీస్తావట. ఎవరు చెప్పారే నీకు ఈ మాట! మొక్కజొన్న నువ్వులా, వేరుశెనగా? స్టార్చి ఫ్యాక్టరీలో గింజను గంధకపు వాయువు కలిపిన వేడి నీళ్లలో రోజున్నర పైన నానబెట్టి, పగలగొట్టి, తేలికైన మొలకను పైకి తేల్చి, ఆ మొలకను ఆరబెట్టి అప్పుడు నూనె తీస్తారు. మొత్తం గింజను గానుగలో పోస్తే వచ్చేది పిండి, దానితో పాటు కరెంటు బిల్లు.

కోపం వద్దు. నేను అరిచేది ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఇది మీ అత్తయ్యకు తెలుసు, మీ అమ్మకు సగం తెలుసు.

2007 చివర్లో నేను నాలుగెకరాల్లో క్యూపీఎం మొక్కజొన్న వేశాను. మాంసకృత్తుల నాణ్యత ఎక్కువున్న రకం, ఒంటికి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం అందులో మామూలు గింజకు దాదాపు రెట్టింపు. ఆ రకాన్ని తీర్చిదిద్దిన వాసల్ గారికీ, విలెగాస్ గారికీ 2000లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. ఆ సంగతి చదివి పొంగిపోయి వేశాను. దాణా వ్యాపారి ఒకాయన క్వింటాలుకు వంద ఎక్కువిస్తానన్నాడు, నోటి మాటగా. పక్క చేలో మామూలు మొక్కజొన్న. కనీసం రెండు వందల మీటర్ల దూరం ఉండాలని, లేదంటే మూడు వారాలు తేడాగా విత్తాలని వ్యవసాయాధికారి చెప్పాడు. విన్నాను. అందరూ విత్తుతున్నప్పుడు నేను ఆగి కూర్చోవడమా అని అదే వారంలో విత్తేశాను. జల్లు వేసినప్పుడు పొద్దున్నే గట్టు మీద నిలబడితే, పక్క చేను మీదుగా పుప్పొడి పసుపు పొగలా లేచి నా చేను పీచు మీద వాలేది. ఎంత అందంగా ఉందో అనుకున్నాను. నిజంగా, అంతే అనుకున్నాను!

అది కూడా నా అసలు తప్పు కాదు. కోతకు ముందు పరీక్షకు గింజలు పంపాలి కదా, సంచి పట్టుకుని చేలోకి దిగాను. నా కాళ్లు తిన్నగా చేను నడుమకు పోయాయి. నా చెయ్యి నిండు కంకులనే విరిచింది. గట్టు పక్క సాళ్ల వైపు నేను చూడను కూడా లేదు. చూడకూడదని నాలో ఎవరో అనుకుని ఉంటారు. పరీక్షలో నెగ్గింది. ఆ కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చూపించాను.

నూరు క్వింటాళ్లు లారీకెత్తి తీసుకెళితే, ఆ వ్యాపారి మనిషి ఇనుప గొట్టంతో పైబస్తా, కిందిబస్తా, మూలబస్తా గుచ్చి గింజలు తీశాడు. రెండు రోజులు లారీ బాడుగ కట్టుకుంటూ కూర్చున్నాను. నాణ్యత తక్కువ వచ్చింది. పక్క చేను పుప్పొడి పడ్డ గింజ మామూలు గింజే అయిపోతుంది, పైకి తేడా తెలియదు. గట్టు పక్క సాళ్ల కంకులన్నీ మంచి వాటితో కలిసిపోయాయి. "మామూలు ధరకైతే దించండి" అన్నాడు ఆ మనిషి, మర్యాదగానే. ఆ రోజు దించేసి ఉంటే పోయేది వంద రూపాయల తేడా, బాడుగ మాత్రమే. నేను కవరులోని కాగితం ఊపి, నువ్వే మోసగాడివని తిట్టి, లారీ తిప్పించుకొచ్చాను. ఇంకో కొనేవాడు దొరుకుతాడని కళ్లంలో నెట్టు కట్టి మూడు వారాలు కూర్చున్నాను. ఏప్రిల్ వాన రెండు రాత్రులు కురిసింది. పైన పట్టా కప్పాను కానీ కింద చెక్కలు వెయ్యలేదు. అడుగు బస్తాలు విప్పితే పచ్చటి బూజు, ఆ వాసన నాకిప్పటికీ ముక్కులో ఉంది. మార్కెట్ యార్డులో తేమ మీటరు చూసి, బూజు చూసి, తరుగు తీసి ఎంతిస్తే అంత పుచ్చుకున్నాను.

ఆ పంటకు పెట్టుబడి మీ అమ్మ ఇచ్చిన ఇరవై వేలు. గేదె కొనుక్కోవడానికి దాచుకున్న డబ్బు. నీకప్పుడు ఆరేళ్లు. తిరిగి ఇవ్వడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నువ్వు ప్యాకెట్ పాలు తాగావు. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ప్యాకెట్ చూసి నేను పెరట్లోకి వెళ్లిపోయేవాణ్ని. మీ అమ్మ ఒక్కనాడూ ఆ డబ్బు మాట ఎత్తలేదు. అదే ఇంకా కష్టంగా ఉండేది.

అందుకని నా మాటగా ఇవి చెయ్యి. ఈ ఏడు నూనె రకం మీ అమ్మ రెండెకరాల్లోనే వెయ్యి. కౌలు నాలుగెకరాల్లో మినుము చల్లు. అక్కడ కూడా మామూలు మొక్కజొన్నే వేశావో, నీ పక్క చేను నువ్వే అవుతావు. మామూలు పుప్పొడి పడితే నీ నూనె శాతం పడిపోతుంది. మిగతా గట్ల వాళ్లు ఏం వేస్తున్నారో ఇప్పుడే వెళ్లి అడుగు. సిగ్గుపడకు.

కొనేవాడితో కాగితం రాయించుకో. గింజల నమూనా ఎవరు తీస్తారు, ఎక్కడ తీస్తారు, ఇద్దరి ముందూ రెండు సంచుల్లో సీలు వేసి ఒకటి నీ దగ్గర ఉంటుందా అన్నవి అందులో ఉండాలి. నూనె శాతం పూర్తిగా ఎండిన గింజ లెక్కనా, పద్నాలుగు శాతం తేమ ఉన్న గింజ లెక్కనా అన్నది కూడా రాయించు. ఎండు లెక్కన ఏడు ఉన్న గింజ తేమతో తూస్తే ఆరే. ఆ ఒక్క మాట దగ్గర నీ అదనపు ధర అంతా పోవచ్చు. పరీక్షలో తక్కువ వస్తే ఏ ధరకు తీసుకుంటాడో కూడా ముందే రాయించు, ఆ ధరకు దించేసి ఇంటికి రా.

కళ్లంలో బస్తాల కింద చెక్కలు వెయ్యి. నవ్వకు, వెయ్యి. నూనె ఎక్కువున్న గింజ, అందులోనూ పగిలిన గింజ, తొందరగా కంపు కొడుతుంది. వాన మబ్బు చూస్తే నాకిప్పటికీ ముందు చెక్కలే గుర్తొస్తాయి, మీ అత్తయ్య ఆరేసిన బట్టలు తర్వాత.

ఆదివారం మీ అమ్మ ఇక్కడికి వస్తానంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతికి గోనెపట్టాలో చుట్టి ఒక వస్తువు ఇస్తాను. బస్తాలో గుచ్చి గింజలు తీసే ఇనుప గొట్టం. ఆ ఏడాదే కొన్నాను, పిడి దగ్గర కాస్త తుప్పు పట్టింది, ఇసుకతో రుద్దుకో. కంకులు నూర్చి బస్తాలు కుట్టాక, గట్టు పక్క సాళ్ల బస్తాలు వేరేగా పెట్టి ముందు వాటిని గుచ్చి చూడు. అందులో ఎంత వచ్చిందో నాకు ఫోను చెయ్యి.

గేదె డబ్బు సంగతి నేను రాశానని మీ అమ్మతో అనకు.

మీ మామయ్య