దుంపలిచ్చే తీగ కావాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. పెరటి కంచెకు ఇక్కడి నేలలో పుట్టిన తీగనే పాకించాలనుంది. తినే దుంపలు కూడా రావాలి. స్నేహితురాలు గ్రౌండ్‌నట్ వెయ్యమంది. అంటే మన వేరుశనగేనా?

జవాబు: కాదండీ. ఇది అపియోస్ అమెరికానా. వేరుశనగలాగే చిక్కుడు కుటుంబమే, కానీ దీనికి కాసేవి దుంపలు. తూర్పు అమెరికాలో వాగుల ఒడ్డున దానంతటదే పెరుగుతుంది. అక్కడి ఆదివాసులు ఎన్నో తరాలుగా తింటున్న తిండి ఇది.

వసంతంలో రెండు మూడు అంగుళాల లోతున దుంపలు నాటండి. నేల తడి ఆరకూడదు, నీళ్లు నిలవనూ కూడదు. ఎండ బాగా తగలాలి, గట్టి పందిరి ఉండాలి. చలికాలంలో తీగ ఎండిపోతే టెన్షన్ పడకండి, వేరు బతికే ఉంటుంది.

నేను మొదటి ఏడాదే ఆత్రంగా తవ్వేశాను. గోలీలంత దుంపలే దొరికాయి, చాలా బాధేసింది. రెండో ఏడాది ఆకు రాలేదాకా ఆగి తవ్వితే, పూసల దండలా ఒకే వేరుకు వరసగా వచ్చాయి! ఆ సంతోషం కోసమైనా మీరు రెండేళ్లు ఆగాలి. ఆగస్టులో పూసే ముదురు ఎరుపు పూల వాసన కూడా నాకెంతో ఇష్టం.

పచ్చివి తినకండి, బాగా ఉడికించాలి. కొందరికి కడుపులో పడవు, కాబట్టి మొదటిసారి రెండు ముక్కలతో ఆపండి. బంగాళాదుంప కంటే ప్రోటీన్ ఎక్కువ. ఒక్క జాగ్రత్త: వేర్లు పక్క మళ్లలోకి పాకుతాయి. పెద్ద తొట్టిలో వేస్తే మంచిది.