వెలిసిన కొట్టు బోర్డును మళ్లీ గీయాలంటే

చిరంజీవి కిరణ్‌కు,

కంప్యూటర్లో మళ్లీ గీయడానికి నువ్వు తీసిన సుల్తాన్ బజారు కిరాణా కొట్టు బోర్డు ఫొటో చూశాను. బోర్డు మంచిదే పట్టావు, ఫొటో మాత్రం పనికిరాదు. కింద నిలబడి ఫోను పైకెత్తి తీశావు గనక పై వరుస చిక్కి, కింది వరుస లావయింది. రోడ్డు అవతలికి వెళ్లి రెండింతల జూమ్‌తో తియ్యి. ఎండ ఏటవాలుగా పడే వేళ ఇంకొకటి తియ్యి. రంగు పోయినా ఎనామిల్ (బోర్డులకు వేసే నూనె పెయింటు) పొర అంచు కాస్త ఉబ్బెత్తుగా మిగులుతుంది, పక్క వెలుతురులో అక్షరం తేలుతుంది. మిట్టమధ్యాహ్నం అదేమీ కనపడదు.

కొట్టాయన్ని అడిగి టేపుతో బోర్డు కొలుచుకో. ఫొటోలు దిద్దే గింప్ ప్రోగ్రాంలో పర్‌స్పెక్టివ్ (ఏటవాలుగా తీసిన వంకర) సరిచేసేటప్పుడు నాలుగు మూలలు లాగితే చాలదు, నిష్పత్తి కుదరాలి. ఆరడుగులకు రెండడుగులైతే బొమ్మ 3600 × 1200 పిక్సెళ్లు, అంటే అంగుళానికి 50. ఇది తప్పితే సున్నలన్నీ కోడిగుడ్లవుతాయి. తర్వాత కలర్స్ మెనూలో డీకంపోజ్ చేస్తే ఫొటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లుగా విడిపోతుంది, మూడూ విడిగా చూడు. తెల్ల నేల మీద వెలిసిన పసుపు మామూలుగా కంటికి ఆనదు, నీలం చానెల్లో ముదురుగా కనిపిస్తుంది. ఎరుపైతే ఆకుపచ్చ చానెల్లో చూడు.

గీయడానికి గీతలతో బొమ్మలు వేసే ఇంక్‌స్కేప్ ప్రోగ్రాం చాలు. ఫొటోను అడుగు లేయర్లో (పొరలో) 40 శాతం ఒపాసిటీతో, అంటే పలచగా కనపడేలా పెట్టి, కదలకుండా లాక్ చెయ్యి. ఫొటో నుంచి గీతల్ని తనంతట తానే తీసే ట్రేస్ బిట్‌మ్యాప్ జోలికి పోకు, తుప్పునూ పగుళ్లనూ కూడా అక్షరాల్లో కలిపేస్తుంది. ఫాంటు తెచ్చి సాగదీయడం అంతకన్నా పాడు. ఆ ‘లక్ష్మీ’ చూడు: మ ఒత్తుకు కింద చోటు చాలక ఆర్టిస్టు దాన్ని కుడికి జరిపి, తోక కురచ చేశాడు. రాసినవాడి చెయ్యి తెలిసేది అక్కడే. దాన్ని ‘సరిచేశావో’, ఇక ఆ బోర్డు గీసి లాభం లేదు. బెజియర్ పాయింట్లు, అంటే గీత వంపును పట్టి ఉంచే చుక్కలు, వంపుల కొసల్లోనే వెయ్యి. గుండ్రానికి వెలుపల నాలుగు, లోపల నాలుగు చాలు, ఎక్కువైతే గీత వణుకుతుంది.

అక్షరాల నీడకు కాపీని పక్కకు జరిపి వదిలేయకు, మూలల్లో సందులు పడతాయి. ఇంక్‌స్కేప్ ఎక్స్‌టెన్షన్స్ మెనూలో జనరేట్ ఫ్రమ్ పాత్ కింద ‘మోషన్’ ఆ అంచులు కలుపుతుంది. కోణం బోర్డంతా ఒకటే ఉండాలి.

రంగును ఐడ్రాపర్‌తో (ఫొటోలోంచి రంగు తీసుకునే పనిముట్టుతో) ఎండకు వెలిసిన చోట తీసుకోకు. ఫ్రేము అంచు కింద, ఎండ తగలని చోట చూడు. సాధారణంగా ఎరుపు ముందు పోతుంది, నలుపు చివరిదాకా నిలుస్తుంది. అక్కడా దొరక్కపోతే ఎనామిల్ షేడ్ కార్డులోని పోస్టాఫీస్ రెడ్, గోల్డెన్ ఎల్లో లాంటివి పక్కన పెట్టి చూసుకో. నాలుగైదు రంగులు మించనివ్వకు.

చెరిగిపోయిన అక్షరాన్ని ఊహించేముందు బోర్డులో వెతుకు. ‘జనరల్’లో పోయిన ర ‘కిరాణా’లోని రాలో ఉంది, దీర్ఘం తీసి తలకట్టు పెట్టి, సైజు చూసి తెచ్చుకో. అలా నింపినవన్నీ వేరే లేయర్లో పెట్టు. మూలనున్న ఆర్టిస్టు సంతకం తీసేయకు. ఫోన్ నంబరు మాత్రం ఎవరికైనా చూపేముందు చెరిపెయ్యి, ఇప్పుడది ఇంకెవరిదో అయ్యుండవచ్చు.

ఉర్దూ వరుసను టైపు చెయ్యొద్దు, గియ్యి. గీసేముందు ఉర్దూ వచ్చినవాళ్ల చేత చదివించుకో. వెలిసిన బోర్డు మీద నుక్తా (ఉర్దూ అక్షరాలకు పెట్టే చుక్క) ఏదో, తుప్పు మచ్చ ఏదో మన కంటికి తెలియదు.

ఆశీస్సులతో,
మామయ్య