డోసు సంగతి తర్వాత.. పదో రోజు జ్వరం గురించి డాక్టర్‌కు చెప్పారా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు, షుగర్ ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశ అన్నారు. పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు మూడు వారాలకోసారి ఇస్తామని మొదటి డోసు ఎక్కించారు. పదో రోజు జ్వరం వస్తే డోలో వేశాం, తగ్గింది. మాకు తెలిసినాయనకు ఇదే మందు వారం వారం ఇస్తున్నారు. ఏది మంచిది?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు అడిగింది డోసుల గురించి. నాకు మాత్రం ఆ జ్వరమే టెన్షన్‌గా ఉంది.

కీమో తర్వాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రక్తకణాలు లెక్కించే సీబీపీ పరీక్ష చేస్తారు, తెల్లకణాలు తక్కువుంటే వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెడతారు. డోలో వేస్తే థర్మామీటర్‌లో అంకె దిగుతుంది, లోపల ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. పొద్దున కాఫీ తాగి కూర్చున్న మనిషి సాయంత్రానికి బీపీ పడిపోయి ఐసీయూకి రావడం నేను చూశాను. మీ నాన్నగారికి తగ్గింది, సంతోషం. ఇంకోసారి ఇలా చేయకండమ్మా. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలూ సొంతంగా వేయొద్దు. ఈ సంగతి మీ ఆంకాలజిస్టుకు చెప్పకపోతే ఈరోజే ఫోన్ చేయండి. రెండో డోసు మోతాదు దాన్నిబట్టి మారొచ్చు.

ఇక మీ ప్రశ్న. ఈ రెండు పద్ధతులనూ 444 మందిలో పోల్చిన అధ్యయనం 2008లో వచ్చింది. ఒక వర్గానికి పాక్లిటాక్సెల్ మూడు వారాలకోసారి పెద్ద డోసు, రెండో వర్గానికి మూడు వారాలపాటు వారానికో చిన్న డోసు, నాలుగో వారం విరామం. ఎంతకాలం బతికారన్న దాంట్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. వారం పద్ధతిలో తిమ్మిర్లు, కీళ్లనొప్పులు తక్కువ, రక్తహీనత ఎక్కువ. షుగర్ వల్ల మీ నాన్నగారికి ఇప్పటికే అరికాళ్లు మొద్దుబారి ఉంటే ఈ తేడా ముఖ్యం. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తడుముకుంటున్నారా, కాలి చెప్పు జారినా తెలియడం లేదా, గమనించి డాక్టర్‌కు చెప్పండి. మనిషిని చూడకుండా పద్ధతి మార్చమని నేను ఇక్కడి నుంచి చెప్పలేను. పక్కవాళ్ల ఫైలు చూసి మీరూ అడగొద్దు.

ఇంకొక్క మాట. బయాప్సీ ముక్కకు ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే జన్యు పరీక్షలు చేయించారో లేదో మీరు రాయలేదు. అవి పాజిటివ్ వస్తే కొందరికి కీమో బదులు మాత్రలతోనే వైద్యం చేయొచ్చు. ఫైల్లో ఆ రిపోర్టు ఉందేమో చూడండి. లేకపోతే రెండో డోసుకు ముందే అడగండి.