వాడు మెతక కాదండీ

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాను. ఇంటర్ అయిన మా అబ్బాయి ఏడాదిగా ఒక స్టూడియోలో పని నేర్చుకుంటున్నాడు. మొన్న వరదలప్పుడు గోదావరి లంకలో సరుకులు పంచుతుంటే ఫొటోలకు పంపారు. ఒక ముసలావిడకు బియ్యం సంచి ఇచ్చి, ఫొటో సరిగా రాలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారట. మూడోసారి తీయమంటే వీడు కెమెరా బ్యాగులో పెట్టేసి పడవెక్కి వచ్చేశాడు. పని పోయింది. కోపంతో నెల నుంచి వాడితో మాట్లాడటం లేదు. ఇంత మెతకవాడు ఈ ఫీల్డులో బతుకుతాడా? బీటెక్‌లో చేర్చాలా, ఫొటోగ్రఫీ కోర్సులోనా?

జవాబు: బీటెక్కా, ఫొటోగ్రఫీయా అన్నది మీ అసలు టెన్షన్ కాదండీ. ఇలాంటి పిల్లాడు నాలుగు మెతుకులు సంపాదించుకోగలడా అన్నది మీ బెంగ. నర్సింగ్ చదివే అమ్మాయి తల్లి, ఆడిటర్ దగ్గర చేరిన కుర్రాడి తండ్రి కూడా నన్ను ఇదే అడిగారు.

కోపం తెచ్చుకోకుండా వినండి. చెరువు గట్టు మీద 80 కౌంటు (కిలోకి 80 రొయ్యలు) వచ్చిన సరుకుని వ్యాపారి 90 అని రాసుకుంటే మీరు ఊరుకుంటారా? కాటా దగ్గరే గొడవ పెట్టుకుంటారు. మీవాడు చేసిందీ అదే. మూడోసారి చేతిలో పెట్టిన ఆ సంచి దొంగ కౌంటు. మీరు చేస్తే రోషం, కొడుకు చేస్తే మెతకతనమా? అంతమంది పెద్దమనుషుల మధ్య ఆ వయసు కుర్రాడు కెమెరా మూసేశాడంటే ఎంత గుండె ఉండాలి! దానికి మీరిచ్చిన బహుమతి నెల రోజుల మౌనం.

ఇది మన పల్లెటూరి చాదస్తం కూడా కాదు. బెల్జియంలోని షార్లెరువా పట్టణం మీద తీసిన ఫొటోల వరుసకు ఇచ్చిన మొదటి బహుమతిని 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో అనే పత్రికా ఫొటోల పోటీ వాళ్లు రద్దు చేశారు. అందులో ఒక ఫొటో ఆ ఊళ్లో కాదు, బ్రస్సెల్స్‌లో తీసింది. అంతే. ఇక బీటెక్‌లో చేరిస్తే ఈ గొడవలుండవని అనుకోకండి. చేయని టెస్టింగ్ చేశామని రాయమనే మేనేజరు అక్కడా ఉంటాడు.

నా అనుమానం వేరేచోట ఉంది. ఇప్పుడు కోనసీమలో ఏ కుర్రాణ్ని కదిపినా ప్రీవెడ్డింగ్ షూట్లు, డ్రోన్, రీల్స్ అంటున్నాడు. సీజన్లో డబ్బు బాగానే కనబడుతుంది. ఆషాఢమో మూఢమో వస్తే ముహూర్తాలుండవు, కెమెరా ఈఎంఐ మాత్రం మూఢాలు చూడదు. డ్రోన్ 250 గ్రాములు దాటితే, డబ్బుకి ఎగరేయడానికి పైలట్ సర్టిఫికెట్ కావాలి. మీవాడికి అసలు చిక్కు ఇంకోటి. అప్పగింతల్లో పెళ్లికూతురు ఏడ్చిన క్లిప్‌ని ఆమెను అడక్కుండా రీల్‌గా పెట్టమంటారు, చామనఛాయ పిల్లని సున్నం కొట్టినట్టు తెల్లగా చేయమంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద హక్కు తీయించుకున్నవాళ్లదే. ఇది తెలిసిన స్టూడియో వాళ్లు కూడా పెద్దగా పట్టించుకోరు. మీవాడు సొంతంగా మొదలుపెడితే ఏ ఫొటో బయట పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో అడ్వాన్సు తీసుకునే రోజే కాగితం మీద రాయించుకోమనండి. అలాంటివాడికే మన ఇళ్లలో ఆడపిల్లల పెళ్లిళ్లు అప్పజెబుతారు. మెల్లగా వస్తాయి, కానీ వస్తాయి.

కోర్సు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. ముందు ఏదో ఒక డిగ్రీ చేస్తానంటే, తర్వాత గాంధీనగర్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో పీజీకి ప్రయత్నించొచ్చు. బీటెక్ వాడే అడిగితే సరే, మీ భయానికి మందుగా మాత్రం వద్దు.

వచ్చే కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వాణ్ని కెమెరాతో వెళ్లనివ్వండి, ఎవరి ఆర్డరూ లేకుండా. భుజాల మీద మోసుకొచ్చే ఆ ఎత్తైన గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటేటప్పుడు గట్టు మీద తోపులాట మీకు తెలియంది కాదు. ఫొటో తీసేవాడిని వెనక నుంచి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మీరు వెళ్లండి.