పాఠకుల ప్రశ్నలు: ‘హెల్‌రైజర్’ తొమ్మిదో భాగం, దాని తర్వాత

ప్రశ్న: ‘హెల్‌రైజర్’ భయానక చిత్రాల వరుసలో తొమ్మిదోదైన ‘రెవెలేషన్స్’ (2011) ఇటీవల చూశాను. తలనిండా మేకులు దిగిన నరకపు పాత్ర పిన్‌హెడ్‌గా అలవాటైన నటుడు లేడు, కథ చాలావరకు ఒకే ఇంట్లో నడుస్తుంది, గంటంబావుకే అంతా ముగిసిపోతుంది. ఇంత పేరున్న వరుసలో ఇలాంటి చిత్రం ఎందుకు వచ్చింది? డబ్బు లేకపోవడమే దాని లోపమా?

జవాబు: డబ్బు తక్కువన్న మాట నిజమే. మూడు లక్షల డాలర్ల వ్యయంతో కొద్ది వారాల్లోనే చిత్రీకరణ ముగించారని చెబుతారు. అయితే లోపాన్ని అక్కడే వెతికితే, 1987లో క్లైవ్ బార్కర్ తన సొంత నవలిక ఆధారంగా తీసిన మొదటి చిత్రానికి అన్యాయం చేసినవాళ్ళమవుతాము. అది కూడా సుమారు పది లక్షల డాలర్లతో, ఎక్కువ భాగం ఒకే ఇంట్లో, అంతకుముందు పూర్తి నిడివి చిత్రమేదీ తీయని దర్శకుడి చేతిలో తయారైనదే. పతాక సన్నివేశంలోని కాంతి మెరుపులను డబ్బు చాలక చేత్తో గీశారు. పైగా ఆ చిత్రంలో పిన్‌హెడ్ కనిపించేది కొద్ది నిమిషాలే. భర్త సోదరుడిపై మోహంతో హత్యలకు సిద్ధపడిన జూలియాయే కథ బరువంతా మోస్తుంది. మనల్ని నిజంగా భయపెట్టేది ఆమె కోరికే.

తొమ్మిదో భాగం పుట్టుకకు కారణం హక్కుల గడువు. ఈ చిత్రాల హక్కులున్న డైమెన్షన్ నిర్మాణ సంస్థ మొదటి చిత్రాన్ని మళ్ళీ పెద్ద ఎత్తున తీయాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించింది. దర్శకులు మారారే తప్ప పని ముందుకు సాగలేదు. ఈలోగా ఏదో ఒక కొత్త చిత్రం తీయకపోతే హక్కులు చేజారే పరిస్థితి వచ్చింది. కౌలు గడువు తీరేలోగా నాలుగు గింజలు చల్లి పొలం సాగులోనే ఉందని చూపించడం వంటిదే ఇది. మూడో భాగం నుంచి ఈ చిత్రాలకు మేకప్ పనిచేస్తూ వచ్చిన గ్యారీ టన్నిక్లిఫ్ హడావిడిగా రచన చేయగా, విక్టర్ గార్సియా దర్శకత్వం వహించారు. అంతకుముందు ఎనిమిది భాగాల్లోనూ పిన్‌హెడ్‌గా నటించిన డగ్ బ్రాడ్లీ ఆ స్క్రిప్టు చదివి, ఇది తొలి చిత్తుప్రతిలా ఉందన్న అభిప్రాయంతో తప్పుకున్నారు. బార్కర్ అయితే తనకు ఈ చిత్రంతో ఏ సంబంధమూ లేదని, ఇక్కడ రాయడానికి వీలుకాని మాటల్లో ప్రకటించారు.

మరి చిత్రం ఎక్కడ కుంగింది? చర్మం లేని మనిషి నరకం నుంచి తిరిగి రావడం, అతనికోసం మరొకరు బలులు తెచ్చిపెట్టడం, చివరికి అతను వేరొకరి చర్మం తొడుక్కుని ఇంట్లోకి నడిచి రావడం: ఇవన్నీ మొదటి చిత్రం నుంచే తెచ్చుకున్నారు, కానీ వాటిని నడిపించిన జూలియా కోరికను మాత్రం వదిలేశారు. ఆ స్థానంలో ఇద్దరు కుర్రాళ్ళ మెక్సికో విహారం, చేతి కెమెరా దృశ్యాలు వచ్చి చేరాయి. 2000లో వచ్చిన ఐదో భాగం ‘ఇన్ఫెర్నో’ కూడా థియేటర్లకు వెళ్ళకుండా నేరుగా వీడియోలోనే విడుదలైంది, కానీ దర్శకుడు స్కాట్ డెరిక్సన్ అందులో ఒక అవినీతి పోలీసు అధికారి అపరాధాన్ని పట్టుదలగా తవ్వారు. అందుకే దానికి ఇప్పటికీ సమర్థకులున్నారు.

ప్రశ్న: అంత ఆరాటంతో కాపాడుకున్న హక్కులు చివరికి ఎవరికి దక్కాయి?

జవాబు: రచయితకే. తన రచన హక్కులను ఇతరులకు ఇచ్చిన రచయిత, ముప్పై ఐదేళ్ళ తర్వాత ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే వీలు అమెరికా కాపీరైట్ చట్టంలో ఉంది. బార్కర్ దాన్ని వినియోగించుకోగా 2021 డిసెంబరులో అమెరికా హక్కులు ఆయనకు తిరిగి వచ్చాయి. 2022లో డేవిడ్ బ్రక్నర్ దర్శకత్వంలో వచ్చిన కొత్త చిత్రానికి ఆయన నిర్మాతల్లో ఒకరు.

ప్రశ్న: పదో భాగం ‘జడ్జ్‌మెంట్’ (2018) కూడా చౌకగా తీసిందేనట. చూడవచ్చా?

జవాబు: సగం చూడవచ్చు. ఈసారి టన్నిక్లిఫ్ స్వయంగా రాసి, దర్శకత్వం వహించి, ‘ఆడిటర్’ అనే ముఖ్యపాత్ర కూడా వేశారు. ఖర్చు తొమ్మిదో భాగంకన్నా పెద్దగా ఎక్కువేమీ కాదు. అయినా ఆరంభంలో పాపి వాంగ్మూలాన్ని టైపు మిషనుపై ఎక్కించడం, ఆ కాగితాలను ఒకడు పిల్లల కన్నీళ్ళతో తడిపి తినడం, తర్వాత తీర్పు చెప్పేవారి ముందుకు వ్యవహారం వెళ్ళడం చూస్తే, నరకాన్ని ఒక ప్రభుత్వ కార్యాలయంలా ఊహించిన మనిషికి చెప్పదలచినది ఏదో ఉందని తెలుస్తుంది. ఒక గది, ఒక బల్ల, జుగుప్స కలిగించే మేకప్ చాలు, ఆ దృశ్యాలకు. తర్వాత కథ పది ఆజ్ఞల పేరుతో హత్యలు చేసేవాడి కోసం వెతికే పోలీసుల వైపు మళ్ళుతుంది. ఆ భాగం ఇదివరకు అనేక నేర చిత్రాల్లో, ఇంతకన్నా మంచి దీపాల వెలుగులో చూసిందే. కొత్త పిన్‌హెడ్ పాల్ టి. టేలర్ పాత్రను తక్కువ మాటలతో, నిబ్బరంగా పోషించారు. దర్యాప్తు దృశ్యాలను దాటవేసి ఆయన ఉన్న సన్నివేశాలు మాత్రం చూసినా మీకు పోయేదేమీ లేదు.