హైదరాబాద్ వదిలి ఊరికొచ్చేయాలా? ముందు ఆఫర్ లెటర్, తర్వాతే రాజీనామా

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరండి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి పన్నెండేళ్లుగా హైదరాబాద్ ఫార్మా కంపెనీల్లో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, ఇది మూడో కంపెనీ, చేరి నాలుగేళ్ల ఎనిమిది నెలలైంది, బేసిక్ 24 వేలు, చేతికి 54 వేలు వస్తుంది, నోటీసు మూడు నెలలు, ఇంటద్దె 16 వేలు. పోయినేడాది అమ్మ పోయింది. నాన్నగారికి 68, షుగరు ఉంది, ఒక్కరే ఉంటున్నారు, ఇక్కడికి రమ్మంటే రారు. పాపకి ఏడో తరగతి అయిపోయింది, బాబు మూడు. మా ఆవిడ ఇక్కడ ప్రైవేటు స్కూల్లో టీచరు. మొదటి కంపెనీ వదిలినప్పుడు మూడున్నరేళ్ల పీఎఫ్ పెన్షన్ డబ్బుతో సహా తీసేశాను, ఇప్పుడు పీఎఫ్ ఆరు లక్షల దాకా ఉంది, అది తీసేసి పలాసలో ఫ్రెండుతో కలిసి జీడిపప్పు యూనిట్ పెడదామనుకుంటున్నాను. వచ్చే నెల రాజీనామా ఇచ్చేయనా?

జవాబు: వచ్చే నెల వద్దు. రావడం మాత్రం రండి, అందులో నాకు డౌటు లేదు, కానీ మీరు అనుకున్న దారిలో కాదు.

ముందు జీడిపప్పు సంగతి తేల్చేద్దాం. మీరొస్తున్నది నాన్నగారి కోసం. చీపురుపల్లి ఎక్కడ, పలాస ఎక్కడ? మధ్యలో శ్రీకాకుళం జిల్లా దాదాపు మొత్తం ఉంది. యూనిట్ పెట్టాక పొద్దున్న బాయిలర్ దగ్గర, సాయంత్రం ప్యాకింగ్ దగ్గర మీరు ఉండాల్సిందే, లేకపోతే ఏ గ్రేడు ఏ డబ్బాలోకి పోయిందో కూడా తెలీదు. అంటే హైదరాబాద్ నుంచి పలాసకి వస్తారు గానీ ఇంటికి రారు. పోనీ ఆ సంగతి పక్కన పెట్టినా ఆరు లక్షలు ఎటూ చాలవు. స్థానిక పంట మార్చి నుంచి మే దాకా వస్తుంది, అప్పుడే పిక్కలు కొని గోడౌన్‌లో పెట్టుకోవాలి, ఆ సరుకుని ఏడాదంతా ఉడకబెట్టి, కటింగ్ చేసి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడింగ్ చేసి అమ్ముకోవాలి. 80 కిలోల పిక్కల బస్తాకి పప్పు నాలుగో వంతు, అంటే 20 కిలోలు, అదృష్టం బాగుంటే ఇంకో రెండు. అందులోనూ అంతా 320 గ్రేడు గుండు పప్పు రాదు, బద్దలూ ముక్కలూ చాలానే పోతాయి, వాటి రేటు వేరు. డబ్బు నెలల తరబడి గోడౌన్‌లో ఇరుక్కుని ఉంటుంది, రేటు పడితే మీరూ పడతారు. పలాసలో తాతల నాటి నుంచి ఇదే పని చేస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లకి బ్యాంకు లిమిట్లున్నాయి, ఆఫ్రికా గింజ తెప్పించుకునే దారులున్నాయి. వాళ్ల పక్కన కూర్చుని, క్యూసీ ల్యాబ్ తప్ప ఇంకోటి చూడని మీరు పోటీ పడాలి. మీ ఫ్రెండు మంచివాడే కావచ్చు, కానీ అతనికి కావాల్సింది పార్ట్‌నరా, ఆరు లక్షలా అన్నది ఒకసారి ఆలోచించండి.

ఇంత కటువుగా ఎందుకంటున్నానంటే నేనూ ఇదే చేశాను. చెన్నైలో తొమ్మిదేళ్లు చేసి 2011లో శ్రీకాకుళం వచ్చేశాను, పీఎఫ్ మొత్తం తీసి డే అండ్ నైట్ జంక్షన్‌కి దగ్గర్లో పన్నెండు కంప్యూటర్లతో ఇన్‌స్టిట్యూట్ పెట్టాను. బోర్డు బ్రహ్మాండంగా ఉండేది. 2012లో కరెంటు కోతలు మొదలయ్యాక పిల్లలు వచ్చి చీకట్లో కూర్చుని, ఇన్వర్టరు కూయగానే లేచి వెళ్లిపోయేవాళ్లు. పద్నాలుగు నెలలకి మూసేశాను. కంప్యూటర్లు ఒక్కొక్కటీ నాలుగు వేలకి అమ్మిన రోజు మా నాన్న ఏమీ అనలేదు, మజ్జిగ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. తిడితే బాగుండేది. తప్పు కరెంటుది కాదు, ఊరికొచ్చేయాలన్న తొందరలో చేతిలో ఉన్న పని వదిలేసి, చేతకాని పని నెత్తిన పెట్టుకున్నాను.

మీకు నాకంటే మంచి అవకాశం ఉంది, అది మీ ఉత్తరంలో ఎక్కడా లేకపోవడమే నాకు ఆశ్చర్యం. రణస్థలం, పైడిభీమవరం మీ ఊరికి రోజూ వెళ్లొచ్చే దూరం. హైవే పక్కన వరసగా ఉన్నవి ఫార్మా కంపెనీలే కదా, మీరు చేస్తున్న పనే అక్కడా చేస్తున్నారు. పన్నెండేళ్లు హెచ్‌పీఎల్‌సీ (మందు శుద్ధత తేల్చే యంత్రం) మీద కూర్చుని, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆడిట్లు దగ్గరుండి చూసినవాడు అక్కడ ఊరికే దొరకడు, కొత్తగా చదువుకున్నవాళ్లు బోలెడుమంది దొరుకుతారు గానీ. ఒక్క సంగతి చూసుకోండి, ఇక్కడ బల్క్ డ్రగ్స్, అంటే మందుల ముడిసరుకు చేసేవి ఎక్కువ, టాబ్లెట్లలాంటివి చేసే ఫార్ములేషన్ యూనిట్లు కూడా ఉన్నాయి కానీ తక్కువ. మీరు ఇన్నాళ్లూ టాబ్లెట్లే చేసుంటే డిసల్యూషన్ (టాబ్లెట్ ఎలా కరుగుతుందో చూసే పరీక్ష) బాగా వచ్చి, జీసీ (గ్యాస్ క్రోమటోగ్రఫీ) మీద రెసిడ్యువల్ సాల్వెంట్స్, అంటే సరుకులో మిగిలిపోయిన ద్రావకాల పరీక్షలు తక్కువ చేసి ఉండొచ్చు. అలాగైతే మీకు ఐదేళ్లు నిండేలోపు ఉన్న ఈ నాలుగు నెలల్లో మీ ల్యాబ్‌లోనే జీసీ పని అడిగి చేయించుకోండి. ఇంటర్వ్యూలో మొదటి రౌండులోనే అడుగుతారు.

ఇంకోటి కూడా అడుగుతారు, అది హెచ్‌ఆర్ అడిగేది: "హైదరాబాద్ వదిలి ఇక్కడికెందుకు?" దీనికి మీరు కళ్లనీళ్లు పెట్టుకుని అమ్మ సంగతి మొదలుపెట్టక్కర్లేదు. "మాది చీపురుపల్లి దగ్గరే సార్, నాన్నగారు ఒక్కరే ఉన్నారు, ఫ్యామిలీతో వచ్చి ఇక్కడే సెటిలవుతున్నాం" అంటే చాలు. బయటినుంచి వచ్చినవాళ్లు ఏడాది చేసి హైదరాబాద్ వెళ్లిపోతుంటారు, అందుకే ఇక్కడే ఉండిపోయే మనిషంటే వాళ్లకి ఇష్టం. కానీ ఆ ఇష్టాన్ని జీతంలో చూపించరు. సొంతూరు అన్న మాట వినగానే పదివేలు తగ్గించి అడుగుతారు, ఆ బేరానికి సిద్ధపడి వెళ్లండి. మీరు 44, 45 దగ్గర గట్టిగా నిలబడండి. అక్కడా షిఫ్టులుంటాయి. నైట్ చేసొచ్చిన రోజు నాన్నగారికి మీరు తోడు కాదు, ఆయనే మీకు తోడు, అదీ లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు తేదీలు. ఈ కంపెనీలో నాలుగేళ్ల ఎనిమిది నెలలైందని మీరే రాశారు. అంటే వచ్చే సెప్టెంబరుకి ఐదేళ్లు. గ్రాట్యుటీ రావాలంటే ఐదేళ్లు నిండాలి. మీ బేసిక్ 24 వేలు అన్నారు కాబట్టి 24 వేలని 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి 13,846, ఐదేళ్లకి తక్కువలో తక్కువ 69 వేలు. వచ్చే నెల రాజీనామా ఇచ్చి, మిగతా నోటీసుకి డబ్బు కట్టి బయటపడితే ఆ 69 వేలు చేజారిపోవచ్చు. మీ నోటీసు మూడు నెలలు, పనిచేస్తూ ఉంటే అది కూడా సర్వీసులోకే వస్తుంది. కాబట్టి చివరి రోజు మీరు చేరిన తేదీ దాటాక పడేలా వెనక్కి లెక్క వేసుకుని, అప్పుడు ఇవ్వండి, అదీ ఇక్కడ ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే. హెచ్‌ఆర్ ఫోన్లో "కన్ఫర్మ్ సార్" అంటే అది కన్ఫర్మ్ కాదు. రిలీవింగ్ లెటర్ లేకుండా మాత్రం కదలొద్దు, ఫార్మాలో అది లేకపోతే గేటు దాటనివ్వరు, మీకు తెలిసిందే.

పీఎఫ్ ముట్టుకోవద్దు. మొదటి కంపెనీ వదిలినప్పుడు పెన్షన్ డబ్బుతో సహా మొత్తం తీసేశానని రాశారు, సరే, ఆ మూడున్నరేళ్లు పోయినట్టే. మిగిలింది ఎనిమిదిన్నరేళ్లు. పదేళ్లు నిండితే 58 ఏళ్ల తర్వాత నెలనెలా పెన్షన్ వస్తుంది, ఈసారి కూడా పెన్షన్ డబ్బుతో సహా తీసేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలు. పెద్ద పెన్షనేం కాదు, 15 వేల పరిమితి మీద పదేళ్ల సర్వీసుకి నెలకి రెండు వేల పైచిలుకు, కానీ సర్వీసు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది, మీకేదైనా అయితే మీ ఆవిడకి వెళ్తుంది. అదే యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) కొత్త కంపెనీకి ఇచ్చి ట్రాన్స్‌ఫర్ పెట్టండి, పాత కంపెనీ వాళ్లు మీరు మానేసిన తేదీ సరిగ్గా వేశారో లేదో ఇప్పుడే చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ పాప చదువు. ఇంజనీరింగ్, మెడిసిన్ కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. లోకల్ అంటే మన అడ్రసు ఎక్కడుందని కాదు, ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. ఈ లోకల్ లెక్కలో మనది ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. హైదరాబాద్‌లో పది అయ్యాక తీసుకొద్దాంలే అనుకున్న తల్లిదండ్రులు కౌన్సెలింగ్ రోజున స్టడీ సర్టిఫికెట్లు పట్టుకుని తల పట్టుకోవడం చూస్తూనే ఉన్నాను. అందుకని పాప తొమ్మిదో తరగతి కచ్చితంగా ఇక్కడే మొదలవ్వాలి. మీకు ఏడాది టైముంది, ఏడాదే ఉంది. ఎనిమిది అక్కడే చదవనివ్వండి, మీరు సెప్టెంబరులో వచ్చి చేరండి, వాళ్లు ఏప్రిల్ పరీక్షలయ్యాక వస్తారు. మధ్యలో ఏడెనిమిది నెలలు రెండు చోట్లా పొయ్యి వెలగాలి, ఖర్చే, కానీ ఈ ఉద్యోగం మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి అంతకంటే చవకైన దారి లేదు.

మీ ఆవిడ గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు. ఆవిడ జీతమెంతో కూడా రాయలేదు, 18 వేలనుకుందాం. ఇక్కడికొస్తే మీకు తగ్గేది పది వేలు, ఆవిడది 18, మొత్తం 28. హైదరాబాద్ అద్దె 16 వేలు మిగులుతుంది. ఇంకా 12 వేలు లోటు, దానికి బండి పెట్రోలు అదనం. ఆవిడకి చీపురుపల్లిలోనో విజయనగరంలోనో స్కూల్లో పని దొరికితే ఆ లోటు పూడుతుంది, లేకపోతే మూడో నెలకే ఇంట్లో మాట మాట పెరుగుతుంది. అసలు ఆవిడకి రావాలనుందా? పల్లెటూళ్లో, మామగారితో, అత్తగారు లేని ఇంట్లో వంటిల్లు మొత్తం ఆవిడ మీదే పడుతుంది, మీరేమో షిఫ్టులో ఉంటారు. కూర్చోబెట్టి అడగండి. "నీ ఇష్టం" అంటే ఒప్పుకున్నట్టు కాదు. నన్నడిగితే ఊళ్లో కాకుండా చీపురుపల్లిలోనే చిన్న ఇల్లు తీసుకోవడం కూడా తప్పేం కాదు, స్కూలు దగ్గర, స్టేషను దగ్గర, నాన్నగారి దగ్గరికి పది నిమిషాల్లో వెళ్లొచ్చు. బీఈడీ ఉందంటే డీఎస్సీ మీద కూడా ఓ కన్నేసి ఉంచమనండి.

భోగాపురం ఎయిర్‌పోర్టు చూపించి ప్లాటు అంటగట్టడానికి మొదటి వారంలోనే ఎవరో ఒకరు వస్తారు, చుట్టాలే వస్తారు. గ్రాట్యుటీ డబ్బు వచ్చిన సంగతి ఎవరికీ చెప్పకండి.

ఇక టీకొట్టు దగ్గర ప్రశ్న. "ఏట్రా, వొచ్చీసినావేటి? ఉద్యోగం పోనాదేటి?" అని కనీసం ఆరు నెలలు అడుగుతారు. పైడితల్లమ్మ సిరిమానుకి రెండ్రోజులు వచ్చినప్పుడు మిమ్మల్ని చూసి మురిసిపోయినవాళ్లే అడుగుతారు. మొదట్లో నేను ప్రతివాడికీ అరగంట సంజాయిషీ ఇచ్చేవాణ్ని. తర్వాత "ఔను, పోనాది, నువ్వేటైనా చూసి పెట్టు" అనడం మొదలుపెట్టాను, అడగడం మానేశారు. కంపెనీ బస్సులో వెళ్లొస్తుంటే మిమ్మల్ని ఇంకా తొందరగా వదిలేస్తారు లెండి.

ఈ వారంలో చేయాల్సింది రెండే. రెజ్యుమెలో పైన సొంతూరు పేరు పెద్దగా కనపడేలా రాసి, పైడిభీమవరంలో పనిచేస్తున్న మీ పాత బ్యాచ్ వాళ్లకి పంపండి, ఉద్యోగం వెబ్‌సైట్లలో కంటే వాళ్ల ద్వారానే ముందు తెలుస్తుంది. రెండోది పలాస ఫ్రెండుకి ఫోన్ చేసి కుదరదని చెప్పేయండి, నాన్చకండి. నాన్నగారికి మాత్రం ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఒక్క మాట చెప్పకండి. ఇప్పుడే చెప్తే రేపు పొద్దున్నే మనిషిని పిలిచి పై గదికి సున్నం వేయించేస్తారు.